ఆరు కాళ్ళ తాబేలు

మా పుట్టింట్లో ఒక తాబేలు ఉంది. ప్రాణమున్నది కాదు, రాతిది. జగ్గయ్యపేటలో మా అన్నయ్య నడిపే పప్పుల హోల్‌సేల్ దుకాణంలో, గల్లాపెట్టెలో, ఎర్రటి పట్టుగుడ్డ మీద పగలంతా కూర్చుంటుంది. షట్టర్ దించాక అన్నయ్య దాన్ని చొక్కా ఎడమ జేబులో వేసుకుని ఇంటికి తెస్తాడు. వదిన అందుకుని దేవుడి అలమరలో పెడుతుంది. పొద్దున్నే కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మళ్ళీ అన్నయ్య జేబులో తనే వేస్తుంది. ఒకప్పుడు ఈ పని మా అమ్మది, ఆ జేబు మా నాన్నది.

నల్లటి రాయి. వెలుతురులో పెడితే కాస్త ఆకుపచ్చగా కనిపిస్తుంది. పెద్ద నిమ్మకాయను నిలువునా కోస్తే వచ్చే చెక్కంత ఉంటుంది. పైన గుండ్రటి డిప్ప, అడుగున చదును. ఆ చదును మీద వరసలుగా గీతలు, మధ్యమధ్య పక్షుల్లాంటి బొమ్మలు. అవి బీజాక్షరాలని నాన్న అనేవాడు. కాదు, మా ఊరి స్తూపం దగ్గర రాళ్ళ మీదున్న పాతకాలపు రాతే ఇదీ అని ఎవరో పంతులుగారు అన్నారట. చదివినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఎక్కడి నుంచి వచ్చిందంటే, మా ముత్తాత బందరు రేవులో ఎవరి దగ్గరో కొన్నాడని ఒక కథ, కాశీలో సాధువు ఆయన చేతిలో పెట్టాడని ఇంకో కథ. మా ఇంట్లో కాశీ కథకే ఓట్లెక్కువ.

చిన్నప్పుడు ఒకసారి దాని కాళ్ళు లెక్కపెట్టాను. తాబేలుకి నాలుగే కదా, దీనికి ఆరున్నాయేంటని అమ్మనడిగాను. అమ్మ నెత్తి మీద ఒక్కటిచ్చి, అది కూర్మావతారం, దేవుడికి ఎన్నైనా ఉంటాయి, విష్ణుమూర్తికి నాలుగు చేతులుంటే ఎందుకని అడిగావా అంది. అడగలేదు. ఆ తర్వాత తాబేలు కాళ్ళ జోలికీ వెళ్ళలేదు.

మా ఇంట్లో ఎవరు ఏ పెద్ద పని మొదలుపెట్టినా ముద్ర వేస్తారు. గంధం చిక్కగా అరగదీసి, తాబేలు అడుగుకి పూసి, మణికట్టు మీద నొక్కుతారు. పదో తరగతి పరీక్షలకు వెళ్ళేటప్పుడు నాకు అమ్మ వేసింది. కాన్పుకి ఆస్పత్రికి బయల్దేరినప్పుడూ వేసింది. దుకాణానికి కొత్త కాటా కొంటే పసుపు ముద్ద మీద తాబేలుని నొక్కి, ఆ ముద్దని కాటాకి అంటిస్తారు. అది ఎండి రాలిపోయేదాకా ఎవరూ తుడవరు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. తాబేలుకి చావు మైల సోకకూడదు. ఇంటి పెద్ద ఇక దక్కడని డాక్టరు చెప్పాడంటే, ప్రాణం ఉండగానే దాన్ని ఆడపడుచు ఇంటికి పంపించేస్తారు. ఆ ఇంటిపేరు వేరు కాబట్టి ఆ ఇంటికి ఈ మైల అంటదని లెక్క. కర్మకాండంతా అయ్యి, ఇల్లు శుద్ధి చేసుకున్నాక మళ్ళీ వస్తుంది. తాత పోయేముందు మా మేనత్త తీసుకెళ్ళింది. నాన్నకి అలా అయినప్పుడు మా అమ్మ గుడ్డలో చుట్టి, ఏడుస్తూ నా సంచిలో పెట్టింది.

నేను నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. క్లాసులో కూడా గోడకీ గోడకీ మధ్య తిరుగుతూనే పాఠం చెబుతాను, పిల్లల మెడలు నొప్పి పుడతాయి. నోటి సంగతి అంతకంటే అన్యాయం. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఊరందరికీ చెబుతాడు. నిజమే. అలాంటిదాన్ని ఒక మాట కడుపులో పెట్టుకుని తిరగాల్సి వచ్చింది.

పోయిన చలికాలంలో పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి హైదరాబాదు తీసుకెళ్ళాం. అక్కడొక మ్యూజియంలో ఈజిప్టు గది ఉంది. ఈజిప్టు అంటే నాకు కొట్టిన పిండి. నైలు నది, పిరమిడ్లు, మమ్మీలు, రెండు మార్కుల ప్రశ్న ఒకటి, నాలుగు మార్కులది ఒకటి. పిల్లలు తోసుకోకుండా చూసుకుంటూ గాజు పెట్టెల ముందు నుంచి గబగబా నడుస్తున్నాను. ఒక పెట్టె దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

లోపల వరసలు వరసలుగా చిన్నచిన్న తాబేళ్ళు. నీలంవి, ఆకుపచ్చవి, మట్టిరంగువి, ఎక్కువభాగం చింతగింజంత ఉన్నాయి. కొన్నిటిని అడుగు కనిపించేలా వెల్లకిలా తిప్పి పెట్టారు. అడుగున గీతలు, పక్షులు. వాటి మధ్యలో పెద్దది ఒకటి, నల్లటిది, ఆకుపచ్చ ఛాయది. మా గల్లాపెట్టెలోది ఇక్కడికెలా వచ్చిందని అరిచినంత పని చేశాను.

గది చూపించడానికి మ్యూజియంవాళ్ళమ్మాయి ఒకామె వచ్చింది. ఓపికున్న మనిషి, పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఇవి తాబేళ్ళు కావు, పేడపురుగులు. పేడని ఉండలా చేసి దొర్లించుకుపోయే పురుగుని చూసి, ఆకాశంలో సూర్యుణ్ణి కూడా ఇలాగే ఎవరో దొర్లిస్తున్నారని ఆ కాలంవాళ్ళు అనుకున్నారట. అందుకని పురుగు రూపంలో రాళ్ళు చెక్కి తాయెత్తుల్లా కట్టుకునేవాళ్ళు. చిన్నవాటిని ఉంగరాల్లో బిగించి, కూజాల మూతల మీదా గది తలుపుల మీదా పచ్చి మట్టి పెట్టి ముద్ర వేసేవాళ్ళు. ముద్ర అనే మాట వినగానే నా మణికట్టు నేనే పట్టుకుని చూసుకున్నాను. పిల్లలు పేడపురుగు, పేడపురుగు అని ఒకటే నవ్వు.

మరి ఆ పెద్దది ఎందుకని అడిగాను. అది బతికున్నవాళ్ళది కాదు మేడమ్ అంది. మనిషి చనిపోయాక శవాన్ని గుడ్డలతో చుట్టేటప్పుడు సరిగ్గా గుండె మీద పెట్టేవాళ్ళట. పైలోకంలో దేవతల ముందు త్రాసు కట్టి ఆ మనిషి గుండెని తూస్తారు. ఆ సమయంలో గుండె నోరు విప్పి, బతికినన్నాళ్ళూ ఇతను చేసినవన్నీ చెప్పేస్తే ఇంకేముంది, కొంప మునిగినట్టే. అందుకని నువ్వు నోరు విప్పొద్దు, నాకు ఎదురు సాక్ష్యం చెప్పొద్దు అని గుండెకి చెప్పుకునే మాటలు ఆ రాయి అడుగున చెక్కించేవాళ్ళు. అవే ఆ గీతలు.

ఫోన్‌లో దీపావళికి వదిన పంపిన పూజ ఫోటో ఉంది. పసుపూ కుంకుమా పూలూ, మధ్యలో మా తాబేలు. చూపించాను. ఆ అమ్మాయి పెద్దది చేసి చూసి, ఫోటోలో చెప్పలేను, యాత్రికులకు అమ్మడానికి చేసిన నకళ్ళు కూడా బోలెడున్నాయి, కానీ ఆకారం మాత్రం అదే, గుండె మీద పెట్టేదే, ఒకసారి తీసుకురండి అంది. మా పిల్లల్లో ఒకరిద్దరు తొంగిచూశారు. ఫోన్ లాగేసుకున్నాను.

తిరుగు బస్సులో కూర్చోలేకపోయాను. డ్రైవర్ వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఇంటికెళ్ళగానే వదినకి ఫోన్ చేసి, ఇన్నేళ్ళూ మనం చేసిన పూజ పేడపురుక్కి అని చెప్పి కడుపుబ్బ నవ్వించాలని ఒకసారి, శవం మీది రాయి దేవుడి అలమరలో పెట్టామని తెలిస్తే నిప్పులు తొక్కిన కోతిలా గంతులేస్తుందని ఒకసారి అనుకున్నాను. వదిన మడీ ఆచారం సామాన్యమైనవి కావు. చావింటి నుంచి వచ్చినవాళ్ళు గడపలో నీళ్ళు పోసుకోనిదే మంచినీళ్ళు కూడా ఇవ్వదు. అయినా చెప్పకుండా ఎలా ఉంటాను. సూర్యాపేట దాటుతుండగా వదిన ఫోనే వచ్చింది. అన్నయ్య దుకాణంలో గుండె పట్టుకుని కూలబడ్డాడు, విజయవాడ తీసుకెళ్తున్నాం అంది.

మూడు నాళాలు మూసుకుపోయాయి, బైపాస్ చెయ్యాలి అన్నారు. కానీ వెంటనే కాదు. రక్తం పలచబడే మాత్ర ఆపి కొన్నాళ్ళు ఆగాలి, షుగర్ కిందికి దిగాలి, అప్పటిదాకా ఇంట్లోనే జాగ్రత్తగా ఉండమన్నారు. డాక్టరు ఇంగ్లీషులో చెబుతుంటే వినడం, రిపోర్టులు చదవడం నా వంతు. గుండె కండరం గట్టిగానే ఉందమ్మా, ఈ వయసులో ఇలాంటివి రోజూ చేస్తున్నాం, భయపడకండి అన్నాడాయన. గది బయట వదిన గుమ్మానికి ఆనుకుని నా ముఖమే చూస్తోంది. ఏం భయం లేదన్నారు వదినా అని ఆమె భుజం మీదుగా ఎటో చూస్తూ చెప్పాను. ఆమె కళ్ళలోకి చూస్తే తాబేలు సంగతి ఎక్కడ బయటపడుతుందోనని నా భయం.

ఆ రోజుల్లో సాయంత్రం బడి వదలగానే నందిగామలో బస్సెక్కి చిల్లకల్లు మీదుగా జగ్గయ్యపేట వెళ్ళేదాన్ని. అన్నయ్య మంచం మీద కూర్చుని టీవీ చూస్తుండేవాడు. దుకాణం మూసినా తాబేలు మాత్రం ఆయన బనీను మీద వేసుకున్న చొక్కా జేబులోనే. మాట్లాడుతూ మాట్లాడుతూ జేబు తడుముకునేవాడు. నా కళ్ళు టీవీ మీద నిలిచేవి కావు. వంటింట్లోకి పోయి, వదినా ఒక మాట అని మొదలుపెట్టి, మంచినీళ్ళు కావాలని ముగించేదాన్ని. మళ్ళీ హాల్లోకి, మళ్ళీ వంటింట్లోకి. నీకేమయిందే, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు అని అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వలేదు.

పైగా ఆ ఇంట్లో ఆ రోజుల్లో వంటలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు అల్లం గారెలు. ఒకరోజు నూనెలో తేలే గుత్తివంకాయ. ఇంకో రోజు పూర్ణాలు, వాటికి చిల్లుపెట్టి పోసిన నెయ్యి. గుండెజబ్బు మనిషికి, షుగర్ మనిషికి. నీకేమైనా మతి పోయిందా వదినా, డాక్టరు చెప్పింది నీకు తెలుగులో చెప్పానా లేదా అని కేకలేశాను. ఒక్కటేగా పెట్టింది, తినాలనుంది అన్నారు అని ఆమె మూకుడు వైపు తిరిగిపోయింది. ఎన్ని తిట్టినా ఎదురు చెప్పలేదు. మామూలుగా వదిన నా మాటకి మాట తిప్పికొట్టే మనిషి. అదైనా నాకు తట్టాలి కదా, తట్టలేదు.

ఆపరేషన్ రోజు దగ్గరికొచ్చింది. గంధపు చెక్క కడిగి ఎండబెడుతూ వదిన అంది, ఈసారి ముద్ర మణికట్టు మీద కాదమ్మాయ్, గుండెకి కదా, గుండె మీదే వేస్తా అని.

నేను మూఢనమ్మకాల మీద పిల్లల చేత వ్యాసాలు రాయించే మనిషిని. అయినా మ్యూజియంలో ఆ పిల్ల చెప్పిన మాటలే చెవిలో మోగాయి. సరిగ్గా గుండె మీద పెట్టేవాళ్ళట, చనిపోయాక. నా అన్న బతికుండగానే, కత్తి పెట్టబోయే ముందు, ఆ రాయిని తెచ్చి ఆ చోటనే నొక్కుతుందా? పోనీ నాకు నమ్మకం లేదనుకుందాం. రేపు జరగరానిది జరిగి, ఆ తర్వాతెప్పుడో వదినకి ఇది తెలిస్తే? నా చేతులతో నేనే పెట్టానని బతికినన్నాళ్ళూ కుమిలిపోదా? పోనీ ఇప్పుడే చెప్పేస్తే ఆమెకున్న ఒక్కగానొక్క ధైర్యం ఊడిపోతుంది. రాత్రీ పగలూ ఆ తాబేలుని పట్టుకునే కదా ఆమె నిలబడింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది నా పని. ఆలోచించేంత స్థిమితం నాకెక్కడిది. నోటికొచ్చింది అనేశాను.

"వదినా, తాబేలుని కొన్నాళ్ళు నాకియ్యి. నందిగామ తీసుకెళ్తా."

వదిన చేతిలో గంధపు చెక్క అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా అంది.

"ముద్ర వెయ్యనీ అమ్మాయ్. అది వేశాక నీ ఇష్టం."

కోపం వచ్చిందనుకున్నాను. తన చేతిలో పూజ నేను లాక్కుంటున్నాననుకుందేమోనని, చెప్పులేసుకుని బస్టాండుకి వచ్చేశాను. బస్సు చిల్లకల్లు దాటి నందిగామ చేరేదాకా నన్ను నేనే తిట్టుకుంటూ ఉన్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే విజయవాడ ఆస్పత్రికి వెళ్ళాను. అన్నయ్యకి స్నానం చేయించి, ఛాతీ గొరిగి, ఆకుపచ్చ గౌను తొడిగారు. వాచీ, జంధ్యం, ఉంగరం తీసి వదిన చేతికిచ్చారు. తాబేలు వదిన కొంగుముడిలో ఉంది. గంధం చిన్న స్టీలు డబ్బాలో తెచ్చుకుంది. నన్ను చూడగానే నా రెక్క పట్టుకుని వరండా చివరికి, లిఫ్టు పక్కకి లాక్కెళ్ళింది.

"నన్ను మభ్యపెట్టింది చాలమ్మాయ్. డాక్టరుగారు నీతో ఏం చెప్పారో చెప్పెయ్."

భయం లేదన్నారని చెప్పాగా వదినా అన్నాను.

"భయం లేకపోతే తాబేలుని తీసుకుపోతానని ఎందుకన్నావు?"

అప్పుడు వెలిగింది నాకు. ఆడపడుచుని. నా అంతట నేను వచ్చి, ఇంట్లో పెద్దకి ప్రాణం బాగోలేని వేళ, తాబేలుని నా ఇంటికి పంపమని అడిగాను. మా ఇంట్లో ఆ మాటకి ఒకటే అర్థం. నాన్నప్పుడు అమ్మ ఏడుస్తూ దాన్ని నా సంచిలో పెడుతుంటే పక్కన దీపం పట్టుకుని నిలబడింది ఈ వదినే. ఆమె వైపు నుంచి చూస్తే, ఆడపడుచు చదువుకున్నది, రిపోర్టులు చూసింది, డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడింది, అప్పట్నుంచి తన ముఖం చూడలేక ఇల్లంతా తిరుగుతోంది, చివరికి తాబేలుని అడిగింది. ఇంకెవరైనా ఏమనుకుంటారు?

ఇక దాచేదేముంది. మ్యూజియం, గాజుపెట్టె, పేడపురుగు, శవం, గుండె, త్రాసు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. డాక్టరు చెప్పింది మళ్ళీ మొదట్నుంచీ మాట పొల్లుపోకుండా చెప్పాను. మా అమ్మ మీద ఒట్టు వేశాను. దేవుడు కాదు వదినా అది, నువ్వు చచ్చినవాళ్ళ రాయిని అన్నయ్య గుండె మీద పెడతానంటుంటే చూడలేక అడిగాను, అంతే అన్నాను.

వదిన నా ముఖంలోకి చూసింది. నేనూ ఆమె కళ్ళలోకి చూశాను, ఇన్నాళ్ళకి.

"ఇదేనా? ఇన్నాళ్ళూ నువ్వు కడుపులో పెట్టుకు తిరిగింది ఇదేనా?"

అవునన్నాను. ఆమె అక్కడే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే, ఆరు కాళ్ళేంటా అని నేనూ పెళ్ళయిన కొత్తలోనే అనుకున్నా, మీ అమ్మగారు తిడతారని అడగలేదు అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లిఫ్టు దగ్గర జనం మమ్మల్ని చూసి పక్కకి జరిగారు.

కళ్ళు తుడుచుకుని లేచింది. కొంగుముడి విప్పి తాబేలుని అరచేతిలో పెట్టుకుంది. వద్దు వదినా అన్నాను.

"మీ అన్నయ్య జేబులో ఇన్నేళ్ళూ ఎక్కడుందది? గుండె మీదేగా. ఇన్నాళ్ళు చెయ్యని కీడు ఇవాళ చేస్తుందా?"

వదిన అన్నయ్య దగ్గరికి వెళ్ళి గౌను పక్కకి తీసి, గంధం పూసి, గట్టిగా నొక్కింది. గీతలూ పక్షులూ అన్నయ్య ఛాతీ మీద తెల్లగా పడ్డాయి. చల్లగా ఉందే అని అన్నయ్య అన్నాడు. వెనకే వచ్చిన నర్సు, ఏంటమ్మా ఇది, ఇప్పుడే కదా శుభ్రం చేశాం అని విసుక్కుంటూ ఏదో మందు తెచ్చి మొత్తం తుడిచేసింది. అంత మడి మనిషి వదిన, కడుక్కోకుండానే ఆ రాయిని మళ్ళీ కొంగుముడిలో వేసుకుంది.

ఆపరేషన్ బాగా అయింది. డాక్టరు బయటికొచ్చి చెప్పేదాకా నేను వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాను, వదిన మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

అన్నయ్య ఇంటికొచ్చి కాస్త నడుస్తున్నాడని తెలిసి ఒక ఆదివారం జగ్గయ్యపేట వెళ్ళాను. తాబేలుని మ్యూజియానికి తీసుకెళ్ళే మాట నేను ఎత్తలేదు, వదినా అడగలేదు. పొద్దున్నే కడిగి పసుపు రాసినట్టుంది, అన్నయ్య చొక్కా జేబు మీద పచ్చటి మరక ఉంది. కంచంలో ఉప్పు లేని సొరకాయ కూర, చప్పటి పప్పు. వదిన వడ్డిస్తోంది. అన్నయ్య కంచం వంక చూసి నాతో మొర పెట్టుకున్నాడు.

"చూడు నా బతుకు. ఆపరేషన్‌కి ముందు ఎలా పెట్టిందనుకున్నావు మీ వదిన? గారెలు, పూర్ణాలు, నా నోట్లోంచి ఏ మాట వస్తే అది. పెళ్ళయ్యాక అంత మురిపెంగా ఎప్పుడూ పెట్టలేదు. పక్కన కూర్చుని తినేదాకా చూసేది. అంత ప్రేమ ఎందుకొచ్చిందో, మళ్ళీ ఎటు పోయిందో అడుగు."

నేను వదిన వైపు తిరిగాను. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన వెనక నుంచి నన్ను చూసి, వద్దన్నట్టు తల ఊపింది. ఆఖరి రోజులు కదా అని, కోరినవన్నీ తిని పోతాడని పెట్టింది. నేను తిడుతుంటే ఒక్క మాట అనకుండా మూకుడు వైపు తిరిగింది అందుకే. అన్నయ్య నా జవాబు కోసం చూస్తున్నాడు, అలవాటుగా జేబు తడుముకుంటూ.

"నాకేం తెలుసన్నయ్యా. చల్లారిపోతోంది, తిను" అన్నాను.